జాజికాయ మొక్కకు పచ్చ దుప్పటి

పిడుగురాళ్లలో చలేమిటని నవ్వేవాళ్ళంటే సాబిరాకు ఒళ్ళు మంట. "డిసెంబరులో తెల్లారగట్ట మా దొడ్లో ఒక గంట నిలబడు, ఆనక నవ్వు" అంటుంది. నిజమే, ఇక్కడ నీళ్ళు గడ్డకట్టవు, గడ్డి మీద తెల్లటి పొర పేరుకోదు. పదిహేను డిగ్రీలంటే మనకు ఒక మఫ్లరుతో పోయే చలి. కానీ ఏడాది పొడుగునా వానా ఉక్కా తప్ప ఏమీ ఎరగని కేరళ మొక్కకు ఆ పదిహేనే ప్రాణం మీదికి తెస్తుంది. మొదట ఆకు కొస నల్లబడుతుంది, తర్వాత ఈనె నల్లబడుతుంది, పది రోజులకల్లా కొమ్మ బోసిపోతుంది. పెంచినవాళ్ళకు తప్ప ఆ బాధ ఇంకొకరికి తెలియదు.

సాబిరాది పరుపుల దుకాణం. సున్నపు బట్టీల వెనక వీధిలో ఇల్లు. ముందు గదిలో దూది ఏకే మిషను, మధ్య గదిలో సంసారం, వెనక దొడ్డి. యాభై ఐదేళ్ళ మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు ఉంటుంది, తుడుచుకోదు. భర్త నాగూర్ వలి లారీ డ్రైవరు. ఇక్కడి సున్నం కేరళకు తీసుకుపోయి దించి, తిరుగు దారిలో ఏదో ఒక లోడు పట్టుకొస్తాడు. నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పెళ్ళాం మీద ప్రేమ పుడితే చీర తెచ్చే మొగుళ్ళుంటారు. ఈయన తడి గోనెపట్టాలో చుట్టి మొక్క తెస్తాడు. తెచ్చి, దొడ్లో పెట్టి, అన్నం తిని, మళ్ళీ లారీ ఎక్కుతాడు. దాన్ని బతికించే బాధ్యత సాబిరాది.

అట్లా చేరినవే కోకో, మిరియాల తీగ, రెండు ఆంథూరియం కుండీలు, జాజికాయ. పల్నాటి ఎండలకు వీటిని కాపాడుకోవడమే గొప్ప అనుకుంటాం. ఎండకు ఆమె లొంగలేదు. పైన పచ్చ వల కట్టింది, చుట్టూ గోనెలు వేలాడదీసి పూటకోసారి తడిపింది. చలి దగ్గరే ఓడిపోయింది. మొదటి ఏడాది వనిల్లా తీగకు పసిబిడ్డకు చుట్టినట్టు కంబళి చుట్టింది. నాలుగు రోజులకే అది చచ్చిపోయింది.

అప్పుడు ఆమె పరుపులు కుట్టే మనిషిగా ఆలోచించింది. దూదికి సొంత వేడి ఉండదు. లోపల పడుకున్నవాళ్ళ ఒంటి వేడినే పట్టి ఉంచి మళ్ళీ వాళ్ళకే ఇస్తుంది. మొక్కకు ఒంటి వేడి ఎక్కడిది? ఉన్నదల్లా నేల వేడి. పగలంతా ఎండ తాగిన నేల రాత్రికి మెల్లగా ఆవిరి వదులుతుంది. దాన్ని పట్టాలి. అంటే దుప్పటి కొమ్మలకు చుట్టకూడదు, గుడారంలా పైనుంచి దించి అంచులు నేలకు ఆనించి రాళ్ళు పెట్టాలి. పొద్దువాలేసరికి కప్పాలి, ఎండ రాగానే తీయాలి. తీయకపోతే నేలకు వేడి చేరదు, ఆకుకు వెలుగు ఉండదు, లోపలి చెమ్మకే మొక్క కుళ్ళిపోతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, రెండు చలికాలాలు, మూడు మొక్కలు పోగొట్టుకుని నేర్చుకుంది.

ఇక మిగిలింది మంచు. పొగమంచుకు పైబట్ట తడిసి, దూది తడిసి ముద్దయితే చలికంటే అదే ఎక్కువ చంపుతుంది. నీళ్ళు జారిపోయే నున్నటి బట్ట కావాలి. ఆమె ట్రంకుపెట్టెలో అలాంటివి ఉన్నాయి, దర్గా చాదర్లు. ఉరుసు అయిపోయాక సమాధి మీద పేరుకున్న చాదర్లలో ఒకటో రెండో దర్గా చూసుకునే ముజావరు కాలేషా ఆమెకు ఇచ్చేవాడు. వాటిని పారేయకూడదు, తొక్కకూడదు, మనిషి ఒంటికి కుట్టించుకోకూడదు. అందుకని మడతపెట్టి దాచడం తప్ప ఆమె ఏమీ చేయలేదు. ఆ ఏడాది అడిగింది.

"చెట్టుకి కప్పితే తప్పా, కాలేషా అన్నా?"

"చెట్టేమన్నా తొక్కుద్దా, తుడుచుకుద్దా? కప్పుకో" అన్నాడాయన.

అలా జాజికాయ మొక్కకు దూది బొంత, దాని మీద పచ్చ చాదరు, చుట్టూ బంగారు రంగు కుచ్చుల అంచు కుదిరాయి. కుట్టుకుంటూ ఆమె ముచ్చటపడింది. ఎలా కనబడుతుందో మాత్రం ఆలోచించలేదు. నడుమెత్తు మొక్క మీద ఆ దుప్పటి దించితే, మోకాళ్ళు ముడుచుకుని తల వంచుకుని కూర్చున్న మనిషిలా ఉంటుంది. కుట్టినవాళ్ళకు కుట్లే కనబడతాయి మరి.

ఆ మొక్కకు నలభై ఒక్క ఆకులు. లెక్క ఎందుకు తెలుసంటే, బట్టీల సున్నపు దుమ్ము రోజూ ఆకుల మీద పడుతుంది, రోజూ తడి దూదితో ఒక్కో ఆకూ తుడవాలి. కిందటి దసరా నుంచి ఆ పనికి ఆమెకు తోడు దొరికింది. వెనక ఇంట్లోకి కొత్తగా అద్దెకు వచ్చిన కోమట్ల పిల్ల కీర్తి, ఏడేళ్ళది. బడి నుంచి రాగానే గోడ ఎక్కి దూకి, ఏకిన దూదిలో పొర్లి, జుట్టంతా తెల్లగా చేసుకుని వచ్చేది. "అమ్మమ్మా, నేను ఇరవై తుడుస్తా, నువ్వు ఇరవై ఒకటి" అనేది. పిల్లలు లేని సాబిరాకు ఆ అమ్మమ్మా అనే పిలుపు ఎంత తియ్యగా ఉండేదో వేరే చెప్పాలా?

జనవరి మొదట్లో కీర్తికి జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు, కాదన్నారు. ఆరు రోజులు సెలైన్లు ఎక్కించారు. పగ్గం వేసినట్టు కాసేపు దిగేది, మళ్ళీ నూట నాలుగు. ఏడో రోజు పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. బట్టీల పొగ, సున్నం, మంచు కలిసి వీధంతా పాలలో ముంచినట్టుంది. కీర్తి తల్లి శ్యామల, ఆరు రోజులుగా కన్ను మూయని మనిషి, నీళ్ళు తోడుకోవడానికి పెరట్లోకి వచ్చి గోడ మీంచి చూసింది. తెలుపులో పచ్చగా, బంగారు అంచుతో, ఎవరో కూర్చుని ఉన్నారు.

ఎనిమిదింటికి ఆమె గోడ దగ్గరికొచ్చి పిలిచింది.

"పిన్నీ, మీ దొడ్లో ఉన్నాయన ఎవరు?"

"ఎవరే? మీ బాబాయి ఇంకా పాలక్కాడు దాటలా."

"అదే, చాదరు కింద. ఏ బాబా ఆయన?"

సాబిరా పకపకా నవ్వింది. దుప్పటి అంచు ఎత్తి ఆకులు చూపించింది. "ఇదిగో నీ బాబా. జాజికాయ. కీర్తి రోజూ మొహం తుడుస్తది గదా, అదే."

శ్యామల నవ్వలేదు. "ఏడింటికి మొక్కుకున్నా పిన్నీ. నా బిడ్డకి జ్వరం దించు సామీ, నలభై రోజులు అగరొత్తి ఎలిగిస్తా అని. ఇప్పుడే చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. ఇడ్లీ అడిగింది."

"మందులకి తగ్గింది, అమ్మాయ్. మంచిదే గదా."

"ఆరు రోజులుగా అవే మందులు" అంది శ్యామల. ఆ ఎత్తిన అంచు వైపే చూస్తూ, "చెట్టయితే ఏంది పిన్నీ, దాని కింద ఎవరన్నా కూర్చోవచ్చుగా" అంది.

తొమ్మిదికి ఎండ వచ్చింది. సాబిరా అలవాటు ప్రకారం దుప్పటి తీసి గోడ మీద ఆరేసింది. పదిన్నరకు వెనక ఇంట్లో కేక. పిల్లకు మళ్ళీ నూట నాలుగు. మర్నాడు మధ్యాహ్నం దాకా మంచు విడవలేదు, దుప్పటి తీయలేదు. కీర్తి మంచం మీద కూర్చుని బొమ్మలు గీసుకుంది. మూడో రోజు ఎండ కాసింది, దుప్పటి తీసింది, జ్వరం వచ్చింది.

సాబిరా మొండిది. నాగూర్ వలిని అడిగితే చెబుతాడు, లారీనన్నా వెనక్కి తిప్పవచ్చు గాని ఆమెను తిప్పలేం. దెయ్యాలూ భూతాలూ అంటే ఆమెకు గిట్టదు, నమాజు వేళకు నమాజు, పని వేళకు పని. కనుక ఇదేదో తేల్చుకోవాలనుకుంది. నాలుగో రోజు పిల్లను నరసరావుపేట ఆస్పత్రికి తీసుకుపోయారు. ఇంట్లో ఎవరూ లేరు, గోడ మీంచి చూసేవాళ్ళు లేరు. దుప్పటి తీయకుండా ఉంచి, పదకొండూ పదికి ఫోనులో టైము చూసుకుని మరీ తీసింది. పది నిమిషాలు చూసి మళ్ళీ కప్పింది. సాయంత్రం శ్యామల ఫోన్ చేసి ఏడ్చింది. పొద్దుటినుంచీ బాగానే ఉందట. పదకొండు దాటగానే ఉన్నట్టుండి వణుకు, పది నిమిషాలు పళ్ళు కొరికిందట, అంతలోనే తగ్గిపోయిందట.

సాబిరా ఫోను పక్కన పెట్టి తన చేతులు చూసుకుంది. జబ్బు పిల్ల ఒంటి మీద తను పరీక్ష పెట్టింది. ఆమెకు తన చేతుల మీదే అసహ్యం వేసింది. భయం కూడా వేసింది, అది మొదటిసారి.

మర్నాడు కాలేషాను పిలిపించింది. "నీ చాదరు నువ్వు తీసుకుపో అన్నా. దుప్పటికి వేరే బట్ట కుట్టుకుంటా."

కాలేషా దొడ్లోకి వచ్చాడు. డెబ్భై ఏళ్ళ ముసలాయన, ముప్పై ఏళ్ళుగా సమాధి మీద చాదర్లు కప్పిన చేయి, తీసిన చేయి. పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. గాలి లేదు, అయినా కుచ్చులు కదులుతున్నాయి.

"దాని కింద ఎవరూ లేరు సాబిరా" అన్నాడు.

"నాకు తెలవదా? మరి తీసుకుపో."

"ఎప్పుడు తీయాలో నాకు తెలుసు. ఇది ఇప్పుడు తీసేది కాదు" అని వెనక్కి అడుగులు వేస్తూ, వీపు చూపకుండా, గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పులు మర్చిపోయి ఉత్తికాళ్ళతో ఇంటికి పోయాడు.

నాగూర్ వలి ఫోన్ చేసినప్పుడు అంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. "పిచ్చిదానా, వారం రోజులు ఎలుతురు లేకపోతే చెట్టు చచ్చిపోద్ది. తీసెయ్యి. నాలుగేళ్ళు పెంచావు."

"తీస్తే పిల్లకి జ్వరం వస్తంది."

"నువ్వు కూడా నమ్మతన్నావా ఏంది?"

"నమ్మట్లా" అంది సాబిరా. "అయినా తీయలేకపోతన్నా."

అవతల లారీ హారన్లు వినిపించాయి. "ఆ పిల్ల మన దుకాణంలో నిద్రపోద్దే, ఆ పిల్లేనా?" అన్నాడు. అవునంది. "అయితే తీయమాక" అన్నాడు.

తీయలేదు. పగలు కూడా దుప్పటి అట్లాగే ఉంది. శ్యామల రోజూ పొద్దున్నే గోడ దాటి వచ్చి అగరొత్తి గుచ్చి పోయేది. సాబిరా ఆ వైపు చూడకుండా మిగతా మొక్కలకు ముసుగులు తీసేది, నీళ్ళు పోసేది. మూడో రోజు అనుకుంటా, దుప్పటి అంచు కింది నుంచి ఒక ఆకు బయటికి వచ్చి పడి ఉంది.

చీకట్లో మగ్గిన ఆకు పసుపు పచ్చబడాలి, లేకపోతే నల్లబడాలి. ఇది లేతగా, నిగనిగలాడుతూ, ఇప్పుడే గోటితో గిల్లినట్టు ఉంది. తొడిమ దగ్గర తడి కూడా ఆరలేదు. అంచులన్నిటి మీదా రాళ్ళు ఉన్నాయి, ఒక్క రాయీ జరగలేదు. దొడ్డి వాలు దుకాణం వైపు ఉంటుంది. ఆకు మాత్రం ఎగువకు, శ్యామల వాళ్ళ గోడ వైపు వచ్చింది. ఆ రోజు కీర్తి లేచి రెండు అడుగులు వేసింది.

మర్నాడు ఇంకో ఆకు, అదే చోట. ఆ మర్నాడు ఇంకొకటి. ఒక్కో రోజు రెండు. రెండు పడిన రోజున కీర్తి పెరుగన్నం గిన్నె ఖాళీ చేసిందని శ్యామల సంబరంగా చెప్పేది. సాబిరా ఆకుల సంగతి ఎవరికీ చెప్పలేదు. వాటిని ఏరి, సున్నపు దుమ్ము తుడిచి, పాత దిండు గలీబులో దాచేది. దుప్పటి కిందకి చేయి పెట్టి చూద్దామని ఒకసారి వంగింది. లోపలినుంచి వెచ్చటి ఆవిరి మణికట్టుకు తగిలింది. నాలుగు వారాలుగా ఎండ సోకని నేల అది, వెచ్చగా ఉండటానికి వీల్లేదు. పరుపు మీదనుంచి మనిషి లేచిన వెంటనే చేయి పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చేయి లాక్కుని, రాయి సరిగ్గా పెట్టి, ముందు గదిలోకి వెళ్ళి మిషను వేసుకుంది. ఏకడానికి దూది లేదు, ఉత్తి మిషనే తిరుగుతూ ఉంది.

ఫిబ్రవరి మధ్యలో కీర్తి గోడ ఎక్కి దూకింది. చిక్కిపోయింది గాని కళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. దూదిలో పొర్లింది, తుమ్మింది, నవ్వింది. సాబిరా ఆ పిల్లను దగ్గరికి లాక్కుని మెడ కింద, నుదుటి మీద, వీపు మీద చేయి పెట్టి చూసింది. ఎక్కడా వేడి లేదు. ఆ పొద్దున అంచు కింద ఆకు పడలేదు. గలీబులో లెక్కపెడితే నలభై ఒకటి.

దుప్పటి తీసింది. పిల్లకు ఏమీ కాలేదు. లోపల ఒక పుల్ల నిలబడి ఉంది. గోటితో బెరడు గీకింది, పచ్చదనం లేదు. కింద గీకింది, వేరు దగ్గర గీకింది. ఎక్కడా లేదు. సాబిరా అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చింది. నాలుగేళ్ళు తుడిచిన చెట్టు. ఏడుస్తూనే, గోడ అవతల కీర్తి పాఠం గట్టిగా చదువుతుంటే చెవి ఒగ్గి వింది. ఈ రెండూ ఒకేసారి ఎట్లా చేయగలిగిందో ఆమెకే తెలియలేదు. పుల్ల పీకేసింది. చాదరు ఉతికి, ఆరేసి, బొంతతో సహా ట్రంకులో పెట్టి తాళం వేసింది.

ఇది కాకతాళీయమే అనుకుందాం. చలికి పిల్లల జ్వరాలు వస్తాయి, పోతాయి. చీకట్లో పెడితే చెట్టు ఆకు రాలుస్తుంది. సాబిరా కూడా మార్చి, ఏప్రిల్, మే అంతా అట్లాగే అనుకుంది. వల మీద కొత్త వల కట్టింది, గోనెలు తడిపింది. ఆ వేసవిలో కోకో మొదటిసారి కాసింది. మొదలుకే అంటుకుని మూడు కాయలు, ఎర్రగా, చేతి వేళ్ళంత. కీర్తి వాటికి పేర్లు కూడా పెట్టింది. నాగూర్ వలి తెచ్చిన మొక్కల్లో ఈ నేల మీద కాసింది అదొక్కటే.

జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికి, ఎండలు ఇంకా నలభై రెండు దగ్గరే ఉండగా, కీర్తికి జ్వరం వచ్చింది. మూడు రోజులు తగ్గలేదు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం శ్యామల గోడ దగ్గరికొచ్చి నిలబడింది. దొడ్లో జాజికాయ ఉండే చోట ఖాళీగా ఉన్న నేలను చూసింది. తర్వాత సాబిరా మొహం చూసింది.

"నువ్వు పిల్ల దగ్గరికి పో" అంది సాబిరా.

శ్యామల వెళ్ళాక ట్రంకు తాళం తీసింది. బొంత, చాదరు చంకన పెట్టుకుని దొడ్లోకి వచ్చి, మొక్క మొక్క దగ్గరా ఆగింది. మిరియాల తీగకు ఆకులు చానా ఉన్నాయి, కానీ అది పాకేది, కూర్చోబెట్టలేం. ఆంథూరియంలకు ఒక్కోదానికి ఏడో ఎనిమిదో ఆకులు, వారం కూడా రావు. ఈ లెక్క తను వేస్తున్నదని గుర్తొచ్చేసరికి తనను తాను బూతులు తిట్టుకుంది. అయినా ఆగలేదు. కోకో దగ్గరికి వచ్చి, పైవల పక్కకు తీసి, కొసలు విరగకుండా మెల్లగా బొంత దించింది. దాని మీద పచ్చ చాదరు సర్దింది. పైన ఎండ మండిపోతోంది. నేల మీద కూర్చుని చుట్టూ అంచులు ఆనించి, ఒక్కొక్క రాయీ పెట్టింది.

ఫోను మోగింది. నాగూర్ వలి కొచ్చిలో సున్నం దించుతున్నాడు.

"కోకో ఎట్టుంది? కాయలు ముదిరినయ్యా?"

"బాగానే ఉంది. కప్పాను."

"ఏంది? ఈ ఎండలోనా?"

సాబిరా చాదరు మీది ముడతను చేత్తో సాపు చేసింది.

"పిల్లకి మళ్ళీ వచ్చిందా?" అన్నాడాయన.

"నాలుగు రోజులైంది" అని చెప్పి ఫోను పెట్టేసి, ఆకులకు దారి వదులుతున్నట్టు గోడ వైపు అంచు మీది రాయి తీసి పక్కన పెట్టింది.